నూట పన్నెండో చీటీ

30 జనవరి 2000, ఆదివారం

ఈ రోజు మొక్కజొన్నకి "నేను" అంటుకుంది.

తిరిగి వస్తూ ట్రైన్లో అదే తలచుకుని నాలో నేనే నవ్వుకుంటుంటే పక్కనున్న ముసలావిడ లేచి వేరే సీటుకి వెళ్ళిపోయింది. ఆవిడ తప్పేం లేదు. "నేను మొక్కజొన్నలు వేయిస్తాను, దీన్ని మీ భాషలో చెప్పు" అంటే యుస్తీనా "ఆకు చెరో లాతుంగ్‌క్" అంది. ఆకు అంటే నేను. చెరో అంటే వేయించడం. లాతుంగ్ మొక్కజొన్న. మరి చివరి ఆ "క్" ఏమిటి? అదీ నేనే! ముందొకసారి చెప్పుకున్న నేను చాలక, వాక్యమంతా దాటుకుని పోయి చివర ఏ మాట ఉంటే దాని చెయ్యి పట్టుకుంది. మన "వచ్చాను"లో ను ఉందే, అది క్రియని వదిలి అడుగు బయట పెట్టదు. వీళ్ళ నేనుకి ఆ పట్టింపు లేదు. పుస్తకాల్లో క్లిటిక్స్ అంటారు వీటిని. నేను తోకలంటాను. అందుకే మా ఆయన శశికాంత్ నన్ను తోకల డాక్టరమ్మా అని పిలుస్తాడు.

యుస్తీనా లేకపోతే నా థీసిస్ లేదు. ఫ్లోరెస్ దీవి కొండల్లో పుట్టిన పిల్ల. నాలుగేళ్ళుగా సెంగ్‌కాంగ్‌లో చాముండేశ్వరి ఆంటీ ఇంట్లో పనిచేస్తోంది. ఈ ఊరంతా వెతికితే వాళ్ళ మాంగ్గరాయ్ భాష మాట్లాడే నోరు నాకు ఇదొక్కటే దొరికింది. ఆంటీ పుణ్యాన తెలుగు కూడా వచ్చింది, కాకినాడ యాసతో, ఈ ఊరి అలవాటు కొద్దీ చివర ఒక "లా" తగిలించి. ఆదివారం చర్చి అయ్యాక గంటసేపు వాళ్ళ బ్లాకు కింద రాతి బల్ల దగ్గర కూర్చుంటాం. నేను అడుగుతాను, ఆమె చెబుతుంది, టేపు తిరుగుతుంది.

ఈ రోజు వెళ్ళబోతుంటే ఆపింది.

"అక్కా, ఒక హెల్ప్ లా. అమ్మకి కళ్ళు పోయినాయి. మంచం దిగట్లేదంట. అన్న లెటర్ రాసేడు. నా గొంతు వినాలంట."

"ఫోన్ చెయ్యకూడదూ?"

"మా ఊళ్ళో ఫోన్ లేదు. అమ్మని కొండ దింపి తీసుకురాలేరు. ఆంటీ ఆగస్టులో పంపుతానంది, వాళ్ళమ్మాయి శ్రీలేఖక్క పాప చిన్నది కదా. ఆగస్టు దాకా అమ్మ..." అని చేత్తో గాలిని తుడిచేసింది. "నీ టేపులో నేను మాట్లాడతా. నువ్వు పోస్ట్ చేస్తావా?"

చెయ్యనా మరి! ఇంత చిన్న సాయం కూడా చెయ్యకపోతే నేనేం మనిషిని.

6 ఫిబ్రవరి, ఆదివారం

చైనీస్ న్యూ ఇయర్ రెండో రోజు. లిఫ్టుల దగ్గరంతా నారింజ చెట్ల కుండీలు, ఎర్ర కాగితాలు. మనుషులెవరూ కిందికి దిగలేదు. ఊరికి ఊరే మధ్యాహ్నం నిద్రలో ఉన్నట్టుంది.

యుస్తీనా ముప్పై ఎనిమిది నిమిషాలు మాట్లాడింది. ముందు మైకుని చూసి సిగ్గుపడింది. తర్వాత నన్ను మరిచిపోయింది, మైకుని మరిచిపోయింది. పన్నెండో అంతస్తు కిటికీలోంచి మబ్బు కనబడుతుందని చెప్పింది. లావయ్యాను, నువ్వు తడిమినా గుర్తుపట్టవు అంది. మధ్యలో ఎక్కడో కోయిల గోల చేస్తే ఆగి, అది పోయాక మళ్ళీ అందుకుంది. ఒకచోట గొంతు పట్టుకుపోయి దగ్గింది.

నాకు అర్థమైనంతలో అసలు సంగతి ఒకటే. వాళ్ళమ్మతో పెద్ద గొడవ పడి వచ్చేసిందట. బస్సెక్కేటప్పుడు వెనక్కి కూడా చూడలేదట. "నాకు నీ మీద కోపం లేదమ్మా" అని ఇన్నాళ్ళకి చెప్పింది. మూడుసార్లు చెప్పింది.

అంతా అయ్యాక కళ్ళు తుడుచుకుని, టేపు ఇంకా తిరుగుతుండగానే, నా వైపు తిరిగి అదే భాషలో ఇంకో మాట అంది. నాకోసమే, నిదానంగా. అలసిపోయి తెలుగు మరిచిపోయి ఉంటుంది. తోక ఎంత ముద్దుగా పడిందో! ఇంత సహజంగా ఎవరూ అడక్కుండా పడ్డ తోక ఈ ఏడాదిలో నాకు దొరకలేదు.

వాళ్ళన్న అడ్రసు కాగితం ఇచ్చింది. కాసెట్టు డబ్బా మీద సిలువ గీసింది.

రేపు పోస్టు చెయ్యాలి.

7 ఫిబ్రవరి, సోమవారం

సెలవు. పోస్టాఫీసు మూసి ఉంది. నా తప్పు కాదు.

ఆరుసార్లు విన్నాను.

9 ఫిబ్రవరి

ఈ కాసెట్టు బంగారం. నేను ఏడాదిగా "చెప్పు, చెప్పు" అని పీకిన వాక్యాలన్నీ చప్పగా ఉంటే, ఇందులో తోకలు గుంపులు గుంపులుగా వాటంతటవే వస్తున్నాయి. నాది, నీది, ఆవిడది, వాళ్ళది. మార్చి ఆఖరుకి కాన్ఫరెన్సు పేపరు పంపాలి. దేవుడే పంపాడు అనుకున్నాను.

శశికాంత్ వాళ్ళ సైన్స్ పార్క్ ఆఫీసు నుంచి వచ్చి భోంచేస్తూ, "ఒరిజినల్ పంపేస్తావా? బ్యాకప్ ఏదీ?" అన్నాడు.

"లేదు."

"అరూ, నీకేమైనా పిచ్చా? వై టూ కే పేరు చెప్పి రెండేళ్ళు మేం చేసిందేంటి మరి? బ్యాకప్ లేకుండా వస్తువు చెయ్యి దాటకూడదు."

నిజమే కదా. ల్యాబ్‌లో రెండు కాసెట్ల డబుల్ డెక్ మీద కాపీ తీసి, అప్పుడు పంపుతాను. ఒక్క రోజు పని.

10 ఫిబ్రవరి

డబుల్ డెక్ రిపేరుకి వెళ్ళిందట. వారంలో వస్తుందట.

13 ఫిబ్రవరి, ఆదివారం

"పంపేవా అక్కా?"

"దారిలో ఉంది" అన్నాను.

అబద్ధం కాదు. కాసెట్టు నా సంచీలోనే ఉంది. సంచీ మేముండే యూ టీ నుంచి సెంగ్‌కాంగ్ దాకా దారిలోనే ఉంది.

యుస్తీనా సంతోషపడి నా రెండు చేతులూ పట్టుకుంది. చేతులు తడిగా, సబ్బు వాసన వేస్తున్నాయి. ఈ రోజు పాఠం సరిగా సాగలేదు. నేనే త్వరగా ముగించాను.

16 ఫిబ్రవరి

డెక్ రాలేదు.

21 ఫిబ్రవరి

కాపీ వచ్చేదాకా ఊరికే కూర్చోవడం దేనికని చేత్తోనే రాసుకోవడం మొదలుపెట్టాను. నా పద్ధతి నాది. ఒక్కో వాక్యం ఒక్కో చీటీ మీద. పైన వాళ్ళ భాష, కింద అర్థం, తోకకి ఎర్ర గీత. కంప్యూటర్లో చెయ్యవే అని శశికాంత్ మొత్తుకుంటాడు. చీటీ చేతిలో ఉంటేనే నాకు ఆలోచన వస్తుంది.

వాన పడుతోంది. కారిడార్‌లో ఎవరివో బట్టలు వెదురు గడకి వేలాడుతున్నాయి. హెడ్‌ఫోన్లో యుస్తీనా "అమ్మా" అంటుంది, నేను రివైండ్ నొక్కుతాను. మళ్ళీ "అమ్మా" అంటుంది. ఆ నిమిషాల్లో నాకు ఈ గది ఉండదు, ఈ ఊరు ఉండదు. కొండ మీద చలి, పొయ్యి దగ్గర ముసలమ్మ, చిటపటలాడే మొక్కజొన్నలు. ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. ఎవరి ఇంట్లోకో వెళ్ళి వాళ్ళ మంచం మీద పడుకున్నట్టు ఉంటుంది.

27 ఫిబ్రవరి, ఆదివారం

మధ్యాహ్నం బస్సులో కునుకు పట్టి కల వచ్చింది. స్టేషన్లో దిగే ప్రతి మనిషికీ వెనకాల చిన్న శబ్దం వేలాడుతోంది. "క్" అని ఒకరికి, "హ్" అని ఒకరికి. నేను తిరిగి చూసుకుంటే నా వెనకాల ఏమీ లేదు. మెలకువ వచ్చేసరికి దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

యుస్తీనా వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "బోటు, ట్రక్కు, కొండ. మూడు వారాలు లా. వచ్చే వారం అందుతుంది."

ఊఁ అన్నాను.

2 మార్చి

నూట పన్నెండు చీటీలు అయ్యాయి! చివర నాతో అన్న మాటకి కూడా ఒక చీటీ రాసేశాను. అది ఉత్తరంలోది కాదు, నాకు తెలుసు. కానీ ఆ తోకని వదలబుద్ధి కాలేదు. పేపరులో మొదటి ఉదాహరణ అదే పెడతాను.

తర్వాత చీటీలన్నీ నేల మీద పరిచి తోకల వారీగా వేరు చేశాను. చెప్పుల డబ్బాలో అరలు చేసి "నేను"లన్నీ ఒక అరలో, "నువ్వు"లన్నీ ఒక అరలో, "ఆవిడ"లు ఇంకో అరలో. తల ప్రాణం తోకకొచ్చింది. చూసుకుంటే ఎంత అందంగా ఉందో! "నాకు కోపం లేదు" అనేవి మూడూ "నేను" అరలో ఒకదాని మీద ఒకటి చక్కగా కూర్చున్నాయి.

డెక్ వచ్చిందేమో కనుక్కోవాలి.

3 మార్చి

కనుక్కోలేదు.

5 మార్చి, ఆదివారం

జ్వరం అని చెప్పి వెళ్ళలేదు. కొంచెం ఒళ్ళు వెచ్చగానే ఉంది.

8 మార్చి

డెక్ సోమవారమే వచ్చిందట. టెక్నీషియన్ చెప్పాడు. "ఎవరూ అడగలేదే" అన్నాడు.

కాపీకి నలభై నిమిషాలు చాలు. కానీ ఒక చోట, కోయిల గోల దగ్గర, ఒక మాట ఇంకా స్పష్టంగా పట్టుబడలేదు. ఒరిజినల్‌లో వినడం వేరు. ఇంకోసారి విని, రేపు కాపీ తీసి, ఎల్లుండి పంపుతాను.

12 మార్చి, ఆదివారం

ఆంటీ పైకి పిలిచి పెసరట్టు పెట్టింది. యుస్తీనా పాపని చంకనేసుకుని వంటింట్లో నిలబడి ఉంది. ముఖం వాడిపోయింది.

"ఏవమ్మా అరుంధతీ, దీని కాసెట్టేదో పంపావంట కదా, ఎప్పుడు పంపావు?" అంది ఆంటీ. "నిన్న వాళ్ళన్న టౌనుకొచ్చి మా ఇంటికి ఫోన్ చేశాడమ్మా. ముసలావిడ రోజూ అడుగుతోందంట, ఇంకా గొంతు రాలేదా అని. ఆ పోస్టు వాళ్ళు ఎక్కడ పారేశారో ఏంటో!"

"న్యూ ఇయర్ రద్దీ కదా ఆంటీ" అన్నాను.

నా నోట్లోంచే వచ్చింది ఆ మాట. అట్టు ముక్క గొంతులో అడ్డం పడింది. యుస్తీనా పరుగెత్తుకొచ్చి మంచినీళ్ళు ఇచ్చింది.

13 మార్చి, సోమవారం

పోస్టాఫీసు తలుపు తియ్యకముందే వెళ్ళి నిలబడ్డాను. ఒరిజినల్ పంపేశాను. కాపీ లేదు, గీపీ లేదు. కవరు మీద ముద్ర పడిన చప్పుడు విన్నాను.

నలభై సార్లు విన్నానేమో. రాసుకోవడం ఎప్పుడో అయిపోయింది. ఇంకెందుకు అట్టేపెట్టుకున్నాను? బ్యాకప్ కోసం అని ఇన్నాళ్ళూ ఇక్కడ రాసుకుంటూ వచ్చాను. బ్యాకప్ కోసం కాదు. అది నా దగ్గర ఉండడం నాకు బావుంది, అంతే. సిగ్గులేని దాన్ని.

అయినా ఫాస్ట్ పోస్టులో వేశాను. అందుతుంది. అందకుండా ఎక్కడికి పోతుంది.

19 మార్చి, ఆదివారం

యుస్తీనా అడగలేదు. నేను చెప్పలేదు.

30 మార్చి

పేపరు పంపాను. ప్రొఫెసర్ మొదటి ఉదాహరణ చూసి "ఎక్కడ దొరికింది ఇది!" అని మురిసిపోయారు. శశికాంత్ కేకు తెచ్చాడు. నాకు తినబుద్ధి కాలేదు.

5 ఏప్రిల్, ఉగాది

ఆంటీ ఇంటికి ఉగాది పచ్చడికి పిలిచింది కదా అని వెళ్ళాను. వేపపువ్వు ఎవరో ఇండియా నుంచి ఎండబెట్టి తెచ్చినది. ఆంటీ తలుపు తీస్తూనే గొంతు తగ్గించింది.

"యుస్తీనా వాళ్ళమ్మ పోయిందమ్మా. పొద్దున్నే ఫోను."

చెప్పులు విప్పుతున్నదాన్ని అలాగే వంగి ఉండిపోయాను.

"ఆ కాసెట్టు సరిగ్గా పూడ్చిపెట్టే రోజు పొద్దున అందిందట. ఒక్క రోజు ముందొచ్చుంటే! ఆవిడ పక్కనే పెట్టి మొత్తం వినిపించారంట పాపం, వింటుందన్నట్టు. విన్నాక ఆవిడ చేతిలోనే పెట్టి పంపించేశారంట." ఆంటీ కళ్ళొత్తుకుంది. "దీన్ని ఆగస్టని ఆపిన పాపం నాదే తల్లీ. మొన్ననే పంపేయాల్సింది."

పాపం నాది ఆంటీ అని అనలేకపోయాను. పచ్చడి చేతిలో పెడితే తిన్నాను. ఏ రుచీ తెలియలేదు.

యుస్తీనా గదిలోంచి బయటికి రాలేదు.

6 ఏప్రిల్

ముప్పై ఆరు రోజులు. ఫిబ్రవరి ఆరు నుంచి మార్చి పదమూడు దాకా. మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాను. తగ్గడం లేదు.

9 ఏప్రిల్, ఆదివారం

వస్తుందనుకోలేదు. చర్చి నుంచి తిన్నగా వచ్చి రాతి బల్ల దగ్గర కూర్చుంది. నల్ల జాకెట్టు వేసుకుంది. నేను టేపు రికార్డరు తీసుకెళ్ళలేదు.

నాలుగు రోజులుగా కూడగట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "యుస్తీనా, నేను నీకు అబద్ధం..." అన్నాను.

"మార్చి థర్టీన్ అక్కా" అంది.

తలెత్తి చూశాను.

"కవర్ మీద స్టాంప్ ఉంది కదా. అన్న చదివేడు ఫోన్లో."

ఏడ్చాను. ఏడవడానికి నాకేం హక్కుందని అనిపించి ఆపుకోబోయాను, ఆగలేదు. క్షమించమని అడిగాను. ఆమె బల్ల మీది చీమలని చూస్తూ కూర్చుంది. పైన ఎవరో పరుపు దులుపుతున్నారు.

"అక్కా, నువ్వు చాలా సార్లు విన్నావా?"

"నలభై సార్లు."

"నేనేం చెప్పేనో నాకు గుర్తు లేదు లా. ఏదో వచ్చింది, మాట్లాడేను. అన్నని అడిగితే వాళ్ళందరూ ఏడ్చేమంటున్నారు కానీ ఏం చెప్పేనో చెప్పట్లేదు. కాసెట్ అమ్మతో పోయింది." నా వైపు చూసింది. "నీ దగ్గర ఉంది కదా, కాపీ. అది ఇవ్వు."

కాపీ లేదు. కాపీ పేరు చెప్పి ముప్పై ఆరు రోజులు ఆపి, కాపీ తియ్యలేదు.

"చీటీలున్నాయి" అన్నాను.

16 ఏప్రిల్, ఆదివారం

చెప్పుల డబ్బా ఒళ్ళో పెట్టుకుని ట్రైనెక్కాను. ఈ రోజు మట్టల ఆదివారం. యుస్తీనా చేతిలో కొబ్బరాకు సిలువ ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి డబ్బా మూత తీసింది.

"నేను" అర తీసింది. చదివింది. "నేను లావయ్యాను." "నేను పాపకి స్నానం చేయిస్తాను." "నాకు కోపం లేదు." "నాకు కోపం లేదు." "నాకు కోపం లేదు." అక్కడ ఆగింది.

"ఇలా చెప్పలేదక్కా నేను. ఒకదాని పక్కన ఒకటి చెప్పలేదు."

"లేదు. నేను విడదీశాను."

"ఎందుకు?"

నాకు ఒక జవాబు ఉంది, పన్నెండు పేజీల జవాబు, పంపించేసిన పేపరులో. "తప్పు చేశాను. మళ్ళీ పేరుద్దాం" అన్నాను.

అరలన్నీ బోర్లించేశాం. బల్ల చాలక గచ్చు మీద కూర్చున్నాం. ఆమెకి తను ఏం చెప్పి ఉంటుందో తెలుసు. నాకు ఏ మాట వెనక ఏ చప్పుడుందో తెలుసు. మబ్బు చీటీ తర్వాత బస్సు బ్రేకు పడింది. లావు మాట చెప్పి నవ్వింది. కోయిల, ఆ తర్వాత అన్న పెళ్ళి సంగతి. మొదటి "కోపం లేదు" మెల్లగా అంది. రెండోది దగ్గు ముందు, మూడోది దగ్గాక. "ఇదిక్కడ లా" అని ఆమె, "కాదు, ఇక్కడ నువ్వు ఊపిరి పీల్చుకున్నావు, ఇది తర్వాత" అని నేను. ఒకచోట పోట్లాడుకున్నాం కూడా. అటు పోయే పిల్లలు ఆట అనుకుని నిలబడి చూశారు. లిఫ్టు దగ్గర గాలి వస్తే చీటీల మీద మా చెప్పులు పెట్టాం.

గంట అని వచ్చినది నాలుగు గంటలు పట్టింది. ఆంటీ పైనుంచి పిలవలేదు.

అప్పుడు యుస్తీనా మొదటి చీటీ దగ్గరికి జరిగి, మోకాళ్ళ మీద పాకుతూ, చివరిదాకా పైకి చదివింది. తన భాషలో, తోకలతో సహా. నలభై సార్లు విన్న నేను ఇది ఉత్తరం అని ఈ రోజే విన్నాను. చివర "అమ్మా, మొక్కజొన్నలు వేయించి ఉంచు, ఆగస్టులో వస్తాను" అని ఉంది.

చీటీలన్నీ వరస చెడకుండా కట్టి చర్చి కాగితంలో చుట్టుకుంది. నూట పదకొండు. ఒకటి గచ్చు మీద మిగిలింది. దాన్ని తీసి చదివి, కాసేపు పట్టుకుని, నా చేతిలో పెట్టింది.

"ఇది అమ్మది కాదక్కా. నీది."

లిఫ్టు వచ్చింది. కొబ్బరాకు సిలువ, కాగితప్పొట్లం పట్టుకుని పైకి వెళ్ళిపోయింది. వచ్చే ఆదివారం వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు.

ఇంటికి వచ్చాను. ఆ పేపరు వెనక్కి తీసుకోవాలి, రేపు ప్రొఫెసరుకి చెప్పాలి అని రాయబోయి "రేపు" దగ్గర కలం ఆగింది. లేచి వెళ్ళి ఇప్పుడే మెయిల్ పంపి వచ్చాను. శశికాంత్ ఏమైందని అడిగాడు. మొత్తం చెప్పాను. బ్యాకప్ మాట ఎత్తలేదు తను. లేచి టీ పెట్టాడు.

ఆ చీటీని ఈ పేజీలో అంటిస్తున్నాను. పైన ఆమె భాష, తోక కింద నా ఎర్ర గీత. కింద నా చేత్తోనే, నా గుండ్రటి అక్షరాలతోనే, అర్థం రాసి ఉంది.

"అక్కా, త్వరగా పంపు. అమ్మ వినాలని కాచుకుని ఉంది."